రిపేరు షాపా, సర్వీస్ సెంటరా, షోరూమా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గృహోపకరణాల వ్యాపారం పెట్టేవారికి ఒక పోలిక

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ, గీజర్, మిక్సీ వంటివి బాగుచేయడం తెలిసిన మనిషి సొంతంగా నిలదొక్కుకోవాలనుకుంటే మన రెండు జిల్లాల్లో ప్రధానంగా ఐదు దారులు కనిపిస్తాయి. దుకాణం లేకుండా ఫోన్ మీద ఇళ్లకు వెళ్లి పనిచేయడం ఒకటి. స్పేర్ పార్టులు, చిన్న సామాను అమ్ముతూ రిపేరు షాపు నడపడం రెండవది. ఏదైనా కంపెనీకి అధీకృత సర్వీస్ సెంటర్‌గా చేరడం, పాత యంత్రాలు కొని బాగుచేసి అమ్మడం, కొత్త సరుకుతో అమ్మకాల దుకాణం తెరవడం మిగిలిన మూడు. నా అభిప్రాయం ముందే చెబుతాను: పని తెలిసినవారికి రెండవ దారి పునాది కావాలి, మిగిలినవి దానికి చేర్చుకునే గదులు కావాలి. మొదటి రోజే అప్పు తెచ్చి కొత్త సరుకుతో అద్దాల షోరూము తెరవడం ఈ ప్రాంతంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఆరంభం. అలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందుగా ఇక్కడి గిరాకీ తీరు చూడాలి.

గిరాకీ ఎప్పుడు, ఎక్కడ

మార్చి నుంచి మృగశిర కార్తె దాటే వరకు ఏసీలు, ఫ్రిజ్‌లు, కూలర్లు మెకానిక్కుకు భోజనానికి కూడా తీరిక ఇవ్వవు. వానలు మొదలయ్యాక వాషింగ్ మెషిన్లు, కార్తీకం నుంచి గీజర్లు, సంక్రాంతి పిండివంటల ముందు మిక్సీలు, గ్రైండర్లు వస్తాయి. అంటే రిపేరు పని ఎక్కువ తక్కువలతోనైనా ఏడాది పొడవునా ఉంటుంది. అమ్మకాలు అలా కావు. అవి దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాల చుట్టూ గుంపులుగా వచ్చి, ఆషాఢంలో దాదాపు ఆగిపోతాయి. విజయనగరంలో దసరా తరువాత వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి చుట్టుపక్కల ఊళ్లన్నీ పట్టణంలోనే ఉంటాయి కాబట్టి ఆ కొద్ది రోజుల బేరం మిగతా నెలల కొరతను కొంత పూడుస్తుంది. సారె సామానులో బీరువా, మంచం పక్కన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కూడా చేరి చాలా కాలమైంది. కానీ సారె కొనేవారు ఒక్క యంత్రం కోసం రారు, అన్నీ ఒకేచోట చూసి బేరమాడి తీసుకుంటారు. ఆ బేరం పెద్ద దుకాణానికి అనుకూలం, చిన్నవాడికి కాదు.

ఈ రెండు జిల్లాల ప్రత్యేకత మరొకటి ఉంది. సైన్యంలో, నౌకాదళంలో పనిచేసినవారి, పనిచేస్తున్నవారి కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వారికి మిలిటరీ క్యాంటీన్ ద్వారా ఉపకరణాలు బయటి ధర కంటే తక్కువకు దొరుకుతాయి, ఆ ధరతో ఏ చిన్న దుకాణమూ పోటీపడలేదు. మిగతావారికి విశాఖపట్నం పెద్ద షోరూములున్నాయి. విజయనగరం నుంచి అది సుమారు 60 కిలోమీటర్లే, శ్రీకాకుళం నుంచి సుమారు 110. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారికి విశాఖ కంటే ఒడిశాలోని బ్రహ్మపుర దగ్గర. ఆపైన ఆన్‌లైన్ కొనుగోళ్లు ఉన్నాయి. యంత్రం క్యాంటీన్‌లో కొన్నా, విశాఖలో కొన్నా, ఫోన్‌లో కొన్నా వారంటీ ముగిశాక చెడిపోయేది మాత్రం మన ఊళ్లోనే. అమ్మకంలో మనం పోటీపడలేని ప్రతి దుకాణమూ రిపేరులో మనకు ఖాతాదారులను తయారుచేసి పంపుతున్నట్లే లెక్క.

దుకాణం లేకుండా ఇళ్లకు వెళ్లడం

దీనికి పెట్టుబడి తక్కువ. ఒక బండి, పనిముట్ల సంచి, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, మంచి ఫోన్ ఉంటే చాలు, అద్దె భారం లేదు. అయితే వాషింగ్ మెషిన్ డ్రమ్ము విప్పి బేరింగులు మార్చడం, కంప్రెసర్ మార్చి గ్యాస్ ఎక్కించడం, మోటారు రివైండింగ్ వంటివి ఇంట్లో చేసే పనులు కావు, చేసినా సగం రోజు పోతుంది. పైగా ఇచ్చిన వారంటీని ఎక్కడికి వచ్చి అడగాలో తెలియని మనిషికి పల్లెల్లో పెద్ద పని అప్పగించడానికి వెనుకాడతారు. అందువల్ల ఈ దారిని ఖాతాదారులను కూడగట్టుకునే తొలి దశగా మాత్రమే చూడాలి. ఎక్కడ ఉన్నా విజిటింగ్ చార్జి ఎంతో ఫోన్‌లోనే చెప్పేయాలి. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్లి వచ్చేసరికి పెట్రోలుకూ రెండు గంటల సమయానికీ లెక్క రాకపోతే ఆ రోజు పనిచేసినట్లే కాదు.

రిపేరు షాపు

నేను ఎక్కువగా మొగ్గు చూపే దారి ఇది, అందుకే దీని గురించి కాస్త విపులంగా చెప్పవలసి ఉంది. రిపేరు షాపుకు నాలుగు రోడ్ల కూడలిలో ముందు వరుస గది అక్కరలేదు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, విజయనగరంలో గంటస్తంభం దగ్గర గది తీసుకుంటే ఆ అద్దె, అడ్వాన్సు కట్టడానికే సంపాదన సరిపోతుంది. ఆటోలో ఫ్రిజ్ తెచ్చి దింపడానికి చోటు ఉండి, వాన నీరు నిలవని, కాస్త లోపలి వీధిలోని గది చాలు. బాగుచేసే మనిషిని జనం వెతుక్కుంటూ వస్తారు, దారిన పోతూ లోపలికి తొంగిచూసేది కొనుగోలుకే. ఆమదాలవలస, పలాస, టెక్కలి, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి వంటి ఊళ్లలో అద్దె ఇంకా తగ్గుతుంది, చుట్టూ ఉన్న పల్లెలన్నీ ఆ ఒక్క ఊరికే వస్తాయి. జిల్లా కేంద్రంలో నలుగురి మధ్య ఐదవవాడిగా ఉండటం కంటే అలాంటి చోట ఏసీలు, ఇన్వర్టర్ యంత్రాల సర్క్యూట్ బోర్డులు కూడా చూడగల ఒకే ఒక్కడిగా ఉండటం మేలు.

అసలు పెట్టుబడి పనిముట్లలో పెట్టాలి. పాత ఫ్రిజ్‌లలో ఆర్-134ఏ, కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-600ఏ, పాత ఏసీలలో ఆర్-22, తరువాతివాటిలో ఆర్-410ఏ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్-32 అనే చల్లబరిచే వాయువులు ఉంటాయి. ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువు. ఇంటి ఫ్రిజ్‌లో అది సాధారణంగా వంద గ్రాముల లోపే ఉంటుంది కాబట్టి చేతి అంచనాతో ఎక్కించడం కుదరదు, గ్రాములు చూపే తూకం కావాలి. లోపలి వాయువును ముందుగా గాలి ఆడే చోట వదిలేయకుండా, నైట్రోజన్‌తో గొట్టాలు శుభ్రం చేయకుండా మంట దగ్గరకు తెస్తే ప్రాణానికే ముప్పు. ఆర్-32 కూడా కొద్దిగా మండే స్వభావం గలదే. గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు లేకుండా గ్యాస్ ఎక్కించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పని నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది, దానితో పాటు చెడ్డ పేరూ వస్తుంది. ఆర్-22 వాడకాన్ని ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాదాపుగా ఆపివేయవలసి ఉంది కాబట్టి దాని మీదే బతికే మెకానిక్ రోజులు దగ్గరపడ్డాయి. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఏసీ టెక్నీషియన్ కోర్సు చదివిన కుర్రవాణ్ణి పక్కన చేర్చుకోవడం ఇటువంటి మార్పుల వేళ మంచి ఖర్చు.

షాపులో ఏ స్పేర్లు ఉంచాలన్నది ఈ ప్రాంతపు గాలి, నీరు, కరెంటే నిర్ణయిస్తాయి. భావనపాడు, కళింగపట్నం, భోగాపురం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ కాయిల్స్ తొందరగా తుప్పుపడతాయి. కరెంటు ఫీడర్ లైను చివరనున్న పల్లెల్లో వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ స్టార్ట్ కాక రిలేలు, కెపాసిటర్లు పోతాయి. బోరునీటి వాడకం ఉన్నచోట గీజర్ ఎలిమెంట్ మీద సుద్ద పేరుకుంటుంది. అందువల్ల ఈ షాపులో సహజంగా అమ్ముడుపోయే సరుకు స్టెబిలైజర్లు, గీజర్ ఎలిమెంట్లు, వాషింగ్ మెషిన్ నీటి ఫిల్టర్లు, మిక్సీ జార్లు, గ్యాస్ స్టవ్ బర్నర్లు, ఫ్యాన్లు. టన్నున్నర ఏసీకి సాధారణంగా నాలుగు కేవీఏ స్టెబిలైజర్ పెడతారు. బోర్డు కాలిన ఖాతాదారుకు ఆ స్టెబిలైజర్ అమ్మడానికి బోర్డు కాలిన రోజు కంటే మంచి రోజు ఉండదు. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ వ్యాధుల భయం వల్ల తాగునీటి గురించి జాగ్రత్త ఎక్కువ, ఆర్‌వో యంత్రాలకు ఫిల్టర్ల మార్పిడి అక్కడ ఏడాదికోసారి తప్పక తిరిగి వచ్చే పని. కంచిలి, కవిటి, సోంపేట వైపు షాపు పెట్టేవారు ఏసీ కంటే ముందు ఈ పని నేర్చుకోవాలని నా సలహా.

అధీకృత సర్వీస్ సెంటర్

బోర్డు మీద కంపెనీ పేరు ఉంటుంది, రోజూ కాల్స్ వస్తాయి, శిక్షణ దొరుకుతుంది, అసలైన సర్క్యూట్ బోర్డులు, ఎర్రర్ కోడ్ల వివరాలు చేతికి అందుతాయి. ఇవి చిన్న లాభాలు కావు. ఇన్వర్టర్ యంత్రాల విషయంలో మరీను. కానీ వారంటీ కాల్స్‌కు డబ్బిచ్చేది ఖాతాదారు కాదు, కంపెనీ. అది కాల్‌కు ఇంత అని తానే ముందుగా నిర్ణయించిన రేటు ప్రకారం, క్లెయిము పరిశీలించాక ఇస్తుంది. పాత పార్టు తిరిగి పంపకపోయినా, ఫొటో సరిగా లేకపోయినా క్లెయిము తిరస్కరించే నిబంధనలు ఒప్పందంలో ఉండవచ్చు. మెకానిక్‌ల జీతాలు, పెట్రోలు మాత్రం ఒకటో తేదీకే కావాలి. ఆ మధ్యకాలాన్ని మోయగల రొక్కం లేనివాడు ఈ దారిలో దిగకూడదు. దిగేముందు ఆ కంపెనీ యంత్రాలు మీ పరిధిలోని ఇళ్లలో నిజంగా ఎన్ని ఉన్నాయో మీ సొంత రిపేరు పుస్తకంలోనే చూసుకోండి. పది ఫ్రిజ్‌లలో ఒకటి కూడా ఆ పేరుది కాకపోతే కాల్స్ కిలోమీటర్ల దూరాన ఒక్కొక్కటిగా వస్తాయి, ప్రతి కాల్ పెట్రోలుకే పోతుంది. వేరే కంపెనీల యంత్రాలు బాగుచేయకూడదన్న షరతు, డిపాజిట్ తిరిగి వచ్చే గడువు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అమ్మకాల లక్ష్యాలు, ఈ మూడింటిని చదవకుండా సంతకం పెట్టకండి. స్వతంత్రంగా ఉండి కూడా కొంత సమాచారం సంపాదించవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కొన్ని కంపెనీల సర్వీస్, వారంటీ వివరాలు ఒకేచోట దొరుకుతాయి.

పాత యంత్రాల అమ్మకం

పని తెలిసినవాడికి లాభం శాతం ఎక్కువగా మిగిలేది ఇక్కడే. ఇంజినీరింగ్ కాలేజీలున్న ఎచ్చెర్ల, రాజాం వైపు గదులు తీసుకుని ఉండే విద్యార్థులు, రణస్థలం, పైడిభీమవరం పరిశ్రమల్లో పనిచేస్తూ అద్దె ఇళ్లలో ఉండేవారు రెండు మూడేళ్లకు సరిపడే ఫ్రిజ్ అడుగుతారు. వారికి కొత్తది అక్కరలేదు. ఇందులో నష్టం వచ్చేది కొనుగోలు దగ్గరే. ఫ్రిజ్ లోపలి గోడ వెనుక పైపు లీకు ఉన్నది, వాషింగ్ మెషిన్ డ్రమ్మును వెనుక నుంచి పట్టి ఉంచే స్పైడర్ అనే భాగం పగిలింది కొన్నారంటే బాగుచేసిన ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు. అమ్మినవారి ఆధార్ నకలు, పాత బిల్లు తీసుకుని పుస్తకంలో రాయడం దొంగ సొత్తు చిక్కుల నుంచి కాపాడుతుంది. మూడు నెలలో ఆరు నెలలో వారంటీని కాగితం మీద, ఏ భాగానికి ఎంతకాలమో స్పష్టంగా రాసి ఇవ్వాలి. పనికిరాని కంప్రెసర్లు, బోర్డులను పాత ఇనుము కొట్టుకు వేయడం 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలకు విరుద్ధం. ఆ నిబంధనలు పాత ఉపకరణాలను పునరుద్ధరించి అమ్మేవారికి కూడా నమోదు విధించాయి కాబట్టి ఈ పని పెద్ద ఎత్తున చేయదలచినవారు ముందుగా కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ చూసుకోవాలి.

కొత్త సరుకు

ఒక చిన్న లెక్క వేసి చూడండి. సగటున 15 వేల రూపాయల ధర గల ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు ముప్పై నిలవ ఉంచితే నాలుగున్నర లక్షలు సరుకులోనే ఆగిపోతాయి. ఒక్కోదాని మీద వెయ్యి రూపాయలు మిగిలినా, నెలకు పది అమ్మితే పదివేలు. అందులోంచి అద్దె, కరెంటు, ఒక కుర్రవాడి జీతం, అప్పు మీద వడ్డీ పోవాలి. వెయ్యి, పది అన్నవి నేను ఉదాహరణకు అనుకున్న అంకెలే. మీ ఊరి డిస్ట్రిబ్యూటర్ చెప్పిన అంకెలు పెట్టి ఇదే లెక్క వేయండి. దీనికి తోడు కరెంటు ఆదాను చూపే స్టార్ లేబుల్ మీద దాని గడువు ముద్రించి ఉంటుంది. ప్రమాణాలు మారినప్పుడు పాత లేబుల్ సరుకు ధర తగ్గించి వదిలించుకోవలసి వస్తుంది. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొనేవారికి అది శుభవార్తే, అంతకుముందు వారాల్లో తగ్గింపు కోసం ఎదురుచూసిన ఖాతాదారులు రాక సరుకు పట్టుకుని కూర్చున్న దుకాణదారుకు మాత్రం కాదు. ఇంకా తుపాన్లు ఉన్నాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ ఉత్తరాంధ్ర తీరం మీదుగానే దాటాయి. తుపాను తరువాత రిపేరు షాపుకు పని పెరుగుతుంది, నేలమట్టంలో సరుకు పెట్టుకున్న షోరూముకు నీరు చేరితే మిగిలేది నష్టమే. తుపాను, వరద నష్టానికి వర్తించే సరుకు బీమా లేకుండా కొత్త నిలవ పెట్టకూడదు.

కొత్త సరుకు అమ్మనే కూడదని కాదు. నమ్మిన ఖాతాదారు ఏ ఫ్రిజ్ కొనమంటారని అడిగినప్పుడు నిలవ లేకుండా డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి తెప్పించి, బిగించి ఇవ్వడం మంచి మధ్యేమార్గం. అరువు మాత్రం ఇవ్వవద్దు. పండగ పూట ఇచ్చిన అరువు మరుసటి పండగకు కూడా వసూలు కాదు.

పన్ను, అప్పు

చాలామంది తప్పుగా వినే విషయం ఒకటి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటే వరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. రిపేరు కూడా చేస్తే అది సేవ కాబట్టి పరిమితి 20 లక్షలకు దిగుతుంది. అమ్మకం పక్కన రిపేరు చేర్చుకున్నా, రిపేరు పక్కన అమ్మకం చేర్చుకున్నా ఇదే. టర్నోవర్ మీద నిర్ణీత శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకం కింద కోటిన్నర లోపు వ్యాపారి 1 శాతం కట్టవచ్చు గానీ అందులో సేవల వాటా టర్నోవర్‌లో 10 శాతం, 5 లక్షలు, ఈ రెండింటిలో ఎక్కువైనదాన్ని మించకూడదు. సేవలే ప్రధానమైతే 50 లక్షల లోపు వారికి 6 శాతం పథకం వేరే ఉంది. ఇచ్ఛాపురం, పాతపట్నం సరిహద్దు దుకాణదారులు గుర్తుంచుకోవలసినది మరొకటి: ఒడిశా చిరునామాకు సరుకు బిల్లు చేసి పంపితే టర్నోవర్ ఎంత తక్కువైనా నమోదు తప్పదు, కాంపోజిషన్‌లో ఉన్నవారు అలా అమ్మనే కూడదు. నమోదు అయితే ఒక మేలూ ఉంది. హోటళ్లు, నర్సింగ్ హోములు, బ్యాంకు శాఖలు ఏసీల ఏఎంసీ ఇవ్వడానికి పన్ను బిల్లు అడుగుతాయి.

అప్పు విషయంలో రిపేరు షాపుదే పైచేయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద సేవా రంగంలో 20 లక్షల వరకు ప్రాజెక్టుకు గ్రామాల్లో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, మాజీ సైనికులు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితరులకు 35 శాతం సబ్సిడీ ఉంది. పట్టణాల్లో అది 15, 25 శాతాలు. ముద్రా రుణాల్లో తరుణ్ అనే విభాగం కింద 10 లక్షల వరకు వస్తుంది. పనిముట్లు, బండి కొనడానికి తీసుకున్న అప్పు పనిచేసి తీర్చవచ్చు, నిలవ సరుకు మీద తెచ్చిన అప్పు అమ్ముడుపోయేదాకా వడ్డీ తింటూనే ఉంటుంది.

ఎవరికి ఏది

ఏళ్ల తరబడి కంపెనీ సర్వీసులో పనిచేసి బయటికి వచ్చిన టెక్నీషియన్ ఇళ్లకు వెళ్లే పనితో మొదలుపెట్టి, నెలనెలా కాల్స్ నిలకడగా వచ్చాక బొబ్బిలి, టెక్కలి స్థాయి ఊళ్లో షాపు తీసుకోవడం సరైన వరుస. అప్పటికే నడుస్తున్న షాపు ఉన్నవారు ఒక్క కంపెనీ అధీకృత సేవను చేర్చుకోవచ్చు, రెండు చేర్చుకుంటే సొంత ఖాతాదారులు ఎదురుచూస్తూ మిగిలిపోతారు. తండ్రి నుంచి వచ్చిన సొంత గది బజారులో ఉండి అద్దె భారం లేనివారికి మాత్రమే కొత్త సరుకు మొదటి దారి కాగలదు, అదీ ఫ్యాన్లు, మిక్సీలు, స్టెబిలైజర్లతో మొదలుపెట్టి. సర్వీసు ముగించుకుని పెట్టుబడితో ఊరికి వచ్చి, పని తెలియకపోయినా ఈ వ్యాపారం పెట్టాలనుకునే మాజీ సైనికులు తరచుగా కనిపిస్తారు. వారు మంచి మెకానిక్‌ను జీతానికి కాక లాభంలో వాటాకు పెట్టుకోవాలి, ఎందుకంటే జీతానికి వచ్చినవాడు పని పెరిగాక ఎదురు వీధిలో తన బోర్డు పెట్టుకుంటాడు. అలా పెట్టుకున్నా ఖాతాదారులు వెంట పోకుండా ఉండాలంటే ప్రజలకు ఇచ్చే ఫోన్ నంబరు, రిపేరు పుస్తకం, వారంటీ కాగితం మొదటి రోజు నుంచే షాపు పేరు మీద ఉండాలి.